నిన్న సరే, ఇవాళ కాదు: దీనికి ఇంగ్లిష్‌లో ఏ నౌన్ వాడాలి?

ప్రశ్న (గుంటూరు)
మిర్చి ఎగుమతి ఆఫీసులో మెయిళ్లు రాసే పని. క్వింటా రేటు ఫోన్లో ఒప్పుకున్న పార్టీ మర్నాడు అడ్డం తిరిగింది. ‘యువర్ వోల్ట్-ఫేస్ ఆన్ ద రేట్’ అని రాయొచ్చా? మామూలు మాటల్లో వాడతారా?

జవాబు 1 (విజయవాడ)
ముందు ఉచ్చారణ. అది ‘ఫేస్’ కాదండి, ‘ఫాస్’. స్పెల్లింగ్ అచ్చం ముఖంలాగే ఉంటుంది కాబట్టి అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. ఇటాలియన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట. ముఖం తిప్పేయడమనే అర్థం. హైఫన్ మానొద్దు. ‘ఆన్’ సరిగ్గానే పెట్టారు. కానీ ఇది సంపాదకీయాల మాట, నోట్లో నలగదు. మాట్లాడేటప్పుడు ‘హి డిడ్ ఎ యూ-టర్న్ ఆన్ ద రేట్’ అంటే చాలు, బెంజ్ సర్కిల్లో ఆటో డ్రైవర్‌కీ అర్థమవుతుంది.

జవాబు 2
యూ-టర్న్‌కి బ్రిటన్ రాజకీయాల్లో గట్టి చరిత్రే ఉంది. 1980 అక్టోబరులో బ్రైటన్ సభలో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ ‘యూ’ అక్షరాన్నీ ‘మీరు’ అనే ‘యూ’నీ కలిపి శ్లేష విసిరారు: తిరగాలనుకుంటే మీరు తిరగండి, నేను తిరగను అని. ‘అబౌట్-టర్న్’ బ్రిటన్ వాడుక, ‘అబౌట్-ఫేస్’ అమెరికాది. రెండూ కవాతు మాటలే, మన ఎన్‌సీసీ వాళ్ల ‘పీఛే ముడ్’. అమెరికాలో ‘ఫ్లిప్-ఫ్లాప్’ కూడా ఉంది. 2004 అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాటిక్ అభ్యర్థి జాన్ కెర్రీని ప్రత్యర్థులు దానితోనే ఏడిపించారు. నిలకడ లేని మనిషివన్న వెక్కిరింపు అందులో ఉంది. పార్టీకి అది రాశారో, వచ్చే సీజన్ ఆర్డరు మీద ఆశ వదులుకోవాల్సిందే.

జవాబు 3
‘టర్న్‌అరౌండ్’ మాత్రం వాడకండి, నష్టాల్లోంచి కోలుకోవడానికి ఆ మాట. ‘360 డిగ్రీలు తిరిగాడు’ అన్నా తప్పే, బయల్దేరిన చోటికే వస్తాడు, 180 అనాలి. ఒత్తిడికి లొంగి వెనక్కి తగ్గితే ‘క్లైమ్‌డౌన్’. కండువా మార్చడం వేరే సంగతి, అది ‘డిఫెక్షన్’.

అసలు మెయిల్లో వీటిలో ఏదీ వద్దు, అన్నీ నింద మోపే మాటలే. ‘దిస్ డిఫర్స్ ఫ్రమ్ ద రేట్ అగ్రీడ్ బై ఫోన్ ఎస్టర్‌డే’ అని రాసి, కాల్ టైమూ రేటూ పక్కనే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు
బాగుందండి. మరి ‘బ్యాక్డ్ ఔట్’ అనొచ్చా?

జవాబు 3
సరుకే వద్దంటే అనొచ్చు. సరుకు కావాలి, పాత రేటే కుదరదు అంటుంటే ‘వెంట్ బ్యాక్ ఆన్ ద రేట్’. అదీ మీ ఆఫీసులో మాట్లాడుకునేటప్పుడే.