క్లాస్‌రూములకి, ఆఫీసుకి ఏ బోర్డు వేయించాలి? బెజవాడ, గుంటూరు వాళ్లు అనుభవం చెప్పండి

సింగ్‌నగర్ కరస్పాండెంట్

అందరికీ నమస్కారమండి. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మాది చిన్న ప్రైవేటు హైస్కూలు, నర్సరీ నుంచి పదో తరగతి దాకా. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు కింది అంతస్తులో వైట్‌బోర్డులన్నీ పాడైపోయాయి. వెనకున్న చెక్కపొట్టు షీటు ఉబ్బిపోయి, ముందు తెల్ల పొర బుడగలు లేచింది. అప్పటికప్పుడు చవకలో దొరికినవి తగిలించాం. అవి కూడా ఇప్పుడు తుడిస్తే పోవట్లేదు. బోర్డంతా బూడిద రంగుకి తిరిగింది.

ఈ వేసవి సెలవుల్లో అన్ని గదులకీ మంచివి వేయించాలని ఉంది. ఆఫీసు రూముకి, స్టాఫ్‌రూముకి కూడా కావాలి. గవర్నర్‌పేటలో అడిగితే మామూలుది, మాగ్నెటిక్, సెరామిక్ అని మూడు రకాలు చూపించారు. చూడటానికి మూడూ ఒకటే, రేట్లు మాత్రం ఎక్కడా పొంతన లేవు. పైగా మా టీచర్లలో సగంమంది సుద్దముక్కే నయం అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పటమట కార్పెంటర్

కరస్పాండెంట్ గారూ, ముందు ఆ మూడు రకాల సంగతి చెప్తాను.

మామూలుది అంటే మెలమైన్. రెజిన్ పట్టించిన కాగితాన్ని చెక్కపొట్టు షీటు మీద వేడి పెట్టి అతికిస్తారు. కొత్తలో తళతళలాడుతుంది. రోజుకి ఏడెనిమిది పీరియడ్లు రాసి తుడిచే గదిలో ఆ పొర అరిగిపోయి, కంటికి కనపడని సందుల్లో ఇంకు రంగు దిగిపోతుంది. మీకు కనపడే బూడిద రంగు అదే, ఎంత తుడిచినా రాదు. ఇంట్లో పిల్లాడికో, వారానికి ఒకసారి వాడే మీటింగ్ రూముకో అయితే ఇది చాలు.

మాగ్నెటిక్ అని చెప్పేది చాలావరకు పెయింటు వేసి కాల్చిన రేకు. మెలమైన్ కంటే బాగా తుడుచుకుపోతుంది, కానీ గీత లోతుగా పడితే మన చెమ్మకి అక్కడ తుప్పు మొదలవుతుంది.

సెరామిక్ అంటే స్టీలు రేకు మీద గాజు పొడి పూసి 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చినది. పైన ఉండేది గాజు పొరే కాబట్టి ఇంకు లోపలికి దిగదు. ధర మెలమైన్‌కి రెట్టింపు పైనే ఉంటుంది. క్లాస్‌రూముకి మాత్రం ఇదే వేయించమని నా మాట.

అయస్కాంతం అంటుకుంది కదా అని సెరామిక్ అనుకోకండి, పెయింటు రేకుకీ అంటుకుంటుంది. షాపులో సాంపిల్ ముక్క అడిగి తాళంచెవితో గట్టిగా గీకండి. పెయింటైతే గీత దిగిపోతుంది. సెరామిక్ మీద తాళంచెవి లోహం చారలా పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. సాంపిల్ ఇవ్వనంటే వేరే షాపు చూసుకోవడం మంచిది.

ఇంకోటి, వెనక ఏముందో అందరూ మర్చిపోతారు. మీ ఏరియాకి చెక్కపొట్టు, ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసే షీటు) వద్దే వద్దు. ప్లాస్టిక్ లేదా అల్యూమినియం తేనెపట్టు షీటు, అంటే లోపల తేనెపట్టులా గళ్లు ఉండే షీటు, ఉన్నవి అడగండి. అట్టతో చేసిన తేనెపట్టు కూడా ఉంటుంది, అది నీళ్లు తగిలితే అయిపోయినట్టే.

గుంటూరు లెక్కల మాస్టారు

సుద్దముక్క అనే టీచర్ల మాట తీసెయ్యకండి. నేను గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను. 2019లో మొదలైన నాడు-నేడు పనుల్లో మా స్కూలుకి ఆకుపచ్చ చాక్‌బోర్డులు వచ్చాయి. ఒక్క సమీకరణం నాలుగు మెట్లుగా రాయాల్సి వస్తే సుద్దతో చెయ్యి తిరిగినట్టు మార్కర్‌తో తిరగదు. సుద్ద కొంచెం ఒరుసుకుంటుంది కాబట్టి అక్షరం నిలకడగా వస్తుంది, కిటికీ వెలుగు బోర్డు మీద మెరవదు. సుద్ద ఎంత మిగిలిందో చేతిలోనే కనపడుతుంది. మార్కర్ ఎప్పుడు ఎండిపోతుందో తెలియదు, సరిగ్గా క్లాసు మధ్యలో ఆగిపోతుంది.

దుమ్ము సంగతి నిజమే. మనకి దొరికే సుద్దముక్కలు ఎక్కువగా జిప్సంతో చేసినవి, వాటి పొడి తేలికగా గాల్లో తేలుతుంది. డస్ట్‌లెస్ అని అమ్మేవి కాల్షియం కార్బొనేట్‌వి, పొడి బరువుగా ఉండి కిందికి రాలిపోతుంది. డస్టర్ పొడిగా వాడకుండా సాయంత్రం ఒకసారి తడిగుడ్డ పెడితే చాలావరకు తగ్గుతుంది. గదిలో కంప్యూటరో, టచ్ ప్యానెలో పెట్టే ఆలోచన ఉంటే మాత్రం పక్కనే సుద్ద వద్దు, పొడి ఫ్యాన్లలోకి వెళ్లి కూర్చుంటుంది.

సింగ్‌నగర్ కరస్పాండెంట్

మాస్టారూ, ఎనిమిది నుంచి పది దాకా గదుల్లో ప్రొజెక్టర్ పెట్టే ఉద్దేశం ఉంది. అప్పుడు వైట్‌బోర్డు మీదే వేసుకోవచ్చు కదా?

బ్రాడీపేట కోచింగ్

తళతళలాడే బోర్డు మీద వెయ్యకండి. ప్రొజెక్టర్ బల్బు వెలుగు మధ్యలో ఒక మచ్చలా మెరిసి, ఎదురుగా కూర్చున్న పిల్లలకి అక్కడ రాసింది కనపడదు. రాసుకోవడానికీ, ప్రొజెక్టర్‌కీ రెండింటికీ పనికొచ్చే మ్యాట్, అంటే మెరుపు లేని, సెరామిక్ బోర్డులు వస్తాయి. వాటి మీద ఇంకు తుడవడానికి కొంచెం ఎక్కువ రుద్దాలి. నా సలహా అయితే రాయడానికి ఒకటి, బొమ్మకి పక్కన గోడ మీద తెల్ల మ్యాట్ పెయింటు. ఖర్చు తక్కువ, తలనొప్పి లేదు.

అసలు మెరుపు సంగతి బోర్డు కొనకముందే చూసుకోవాలి. మా సెంటర్‌లో గది మారినప్పుడల్లా ఇలా చేస్తాం: బోర్డు వచ్చే చోట గోడకి ఒక పెద్ద అద్దం ఆనించి పట్టుకోమని, చివరి బెంచీ రెండు మూలల నుంచి, ముందు బెంచీ రెండు మూలల నుంచి చూస్తాం. అద్దంలో కిటికీ గానీ ట్యూబ్‌లైటు గానీ కనపడితే, రేపు బోర్డు మీద సరిగ్గా అక్కడే మెరుపు వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒకసారి, లైట్లు వేసి ఇంకోసారి చూడండి. కిటికీకి ఎదురు గోడ ఎప్పుడూ వద్దు. కిటికీలు పిల్లలకి పక్కవాటుగా ఉండే గోడ ఎంచుకోండి. ట్యూబ్‌లైటు వల్ల అయితే దాన్ని జరిపితే సరిపోతుంది, అది ఎలక్ట్రీషియన్‌కి గంట పని.

చాలామంది వేలకి వేలు పోసి బోర్డు కొంటారు, ఎడమ పక్క బెంచీల పిల్లలు ఏడాదంతా పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటారు. అది చూస్తే బాధేస్తుంది.

తాడేపల్లి ప్రైమరీ టీచర్

ఎత్తు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. అన్ని తరగతులకీ ఒకే ఎత్తులో బిగించేసి వెళ్లిపోతారు పనివాళ్లు. ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిస్తే మునివేళ్ల మీద నిలబడి రాయాలి. ఆ పిల్లలు బోర్డు దగ్గరికి రావడమే మానేస్తారండి. చిన్న తరగతుల్లో కింది అంచు నేల నుంచి రెండడుగుల్లో ఉండాలి. నర్సరీకి ఇంకా కిందికి దించినా తప్పు లేదు.

పెద్ద తరగతుల్లో మూడడుగులు సరిపోతుంది. అక్కడ వేరే ఇబ్బంది ఉంది. నాలుగడుగుల బోర్డు మూడడుగుల ఎత్తులో పెడితే పై అంచు ఏడడుగులకి వెళ్తుంది. నాలాంటి ఐదడుగుల టీచర్‌కి పై అర అడుగు అందదు. కింద అడుగు మేర ముందు బెంచీల తలలు అడ్డం వస్తాయి. అంటే వాడుకునేది మధ్యలో రెండున్నర అడుగులే. అందుకే ఎత్తు పెంచడం కంటే పొడవు పెంచుకోవడం మేలు. 8 బై 4 ఒకటి కాకుండా 6 బై 4 రెండు పక్కపక్కన పెట్టించమని మా హెచ్‌ఎం గారిని అడిగి పెట్టించుకున్నాం. ఒకదాని మీద లెక్క నడుస్తుంటే, ఇంకోదాని మీద హోంవర్కు చెరపకుండా ఉంటుంది.

గుంటూరు లెక్కల మాస్టారు

మేడం చెప్పింది అక్షరాలా నిజం. ఒక మెట్టు ఎత్తు అరుగు కట్టిస్తే టీచర్‌కి చెయ్యి అందుతుంది, పిల్లలకి తల అడ్డం రాదు. మన పాత బడులన్నిట్లో ఉండేది. కొత్త బిల్డింగుల్లో ఎందుకు మానేశారో!

మొగల్రాజపురం ఆఫీసు

ఆఫీసు రూముకి కూడా బోర్డు అడిగారు కదా. మా ఆఫీసులో గ్లాస్ బోర్డు వేయించాం, చాలా సంతోషంగా ఉన్నాం. నెలల తరబడి ఉంచేసిన ప్లాను కూడా గుడ్డతో పోతుంది. కానీ కొన్ని సంగతులు తెలుసుకుని దిగండి.

టఫెన్డ్ గ్లాసే, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజే, తీసుకోవాలి. టఫెన్ చేశాక ఆ గ్లాసుని కొయ్యడం, చిల్లు పెట్టడం కుదరదు, పగిలిపోతుంది. కాబట్టి కొలతలు, చిల్లులు ఆర్డర్‌కి ముందే ఖాయం కావాలి. మామూలు గాజుకి పక్కనుంచి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, వెనక తెల్ల రంగు వేసినా కొంచెం పచ్చగానే కనపడుతుంది. తెల్లగా కావాలంటే ఎక్స్‌ట్రా క్లియర్ అని అడగండి. మామూలు అయస్కాంతాలు దాని మీద ఆగవు, నియోడైమియం అనే బాగా బలమైనవి కావాలి, అదీ వెనక రేకు పెడితేనే. 6 మిల్లీమీటర్ల గాజు 8 బై 4 సైజులో ఇంచుమించు 45 కేజీలు తూగుతుంది. పిల్లల గదుల్లో మాత్రం పెట్టకండి, బంతి తగిలినా భయమే, మెరుపు కూడా ఎక్కువ.

ఆటోనగర్ ఫిట్టర్

45 కేజీలు అన్నారు కాబట్టి గోడ సంగతి చెప్పాలి. నేను బిగించే పనే చేస్తాను. కంప్లయింటు వచ్చి వెళ్లి చూస్తే చాలాసార్లు బోర్డు బాగానే ఉంటుంది, గోడే పట్టు వదిలేసి ఉంటుంది.

మన బెజవాడ చుట్టుపక్కల బూడిద ఇటుకలు ఎక్కువ, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద దగ్గరే దొరుకుతుంది కాబట్టి. గట్టి బూడిద ఇటుక మంచి పట్టు ఇస్తుంది. తేలిక బ్లాకులు, అంటే ఏఏసీ బ్లాకులు వేరు. వాటికి డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో పెడితే లోపల పొడైపోయి చిల్లు వెడల్పవుతుంది. మామూలు తిప్పుడు మీదే చిల్లు వేసి, ఆ బ్లాకులకని వచ్చే పొడవాటి ప్లగ్గులు వాడాలి. గుంటూరు పాత ఇళ్లలో, కొత్తపేట వైపు, సున్నం గోడలుంటాయి. పైన పూత గుల్లబారి ఉంటుంది. వేలితో కొట్టి చూస్తే బోలుగా శబ్దం వస్తుంది. అక్కడ స్క్రూ పూతని దాటి ఇటుకలోకి కనీసం అంగుళంన్నర దిగాలి, అదీ ఇటుకలోకే, ఇటుకల మధ్య సందులోకి కాదు.

ఆఫీసుల్లో జిప్సం పార్టిషన్ అయితే ఒట్టి షీటుకి ఎప్పుడూ బిగించొద్దు. లోపల రేకు నిలువులు సాధారణంగా రెండడుగులకి ఒకటి ఉంటాయి, అయస్కాంతం జరుపుతూ పోతే స్క్రూ తలల దగ్గర పట్టుకుంటుంది. ఆ నిలువులకే బిగించాలి. గ్లాస్ బోర్డైతే ముందు ప్లైవుడ్ వేయించి దాని మీద.

స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే ఇవ్వమనండి. బాత్రూం అవతలి గోడకో, వాన కొట్టే గోడకో పెట్టాల్సి వస్తే బోర్డు వెనక అర అంగుళం గాలి ఆడేలా క్లాంపులు పెట్టించండి. లెవెల్ ట్యూబుతో రెండు చివర్లూ చూసుకోకుండా ఒక్క చిల్లు కూడా వేయనివ్వొద్దు.

భవానీపురం ట్యూషన్

మధ్యలో వస్తున్నాను, మన్నించండి. మా అబ్బాయి బోర్డు మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసేశాడు. నెయిల్ పాలిష్ రిమూవర్ పెట్టనా?

పటమట కార్పెంటర్

వద్దమ్మా! మెలమైన్, పెయింటు రెండూ దానికి మసకబారతాయి. ఆ గీత మీదే వైట్‌బోర్డు మార్కర్‌తో నిండుగా రాసి, ఆరకముందే తుడవండి. మార్కర్‌లోని స్పిరిట్ కింది ఇంకుని కరిగిస్తుంది. ఇంకా మిగిలితే మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ తెచ్చి దూదితో తుడవండి. చేతులకి రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ జిడ్డు ఉండిపోయి తర్వాత రాసింది సరిగ్గా తుడవదు. స్టీలు పీచు, గిన్నెలు తోమే సబ్బు దగ్గరికి కూడా రానివ్వకండి.

బ్రాడీపేట కోచింగ్

మార్కర్ల గురించి నాలుగు మాటలు. ఇంకు పోసుకునేవి కొనండి, ఏడాదికి లెక్క వేస్తే స్కూలుకి బాగా కలిసొస్తుంది. పడుకోబెట్టి ఉంచండి, మూతి పైకి పెట్టి నిలబెడితే ఇంకు కిందికి దిగిపోయి కొన పొడిబారుతుంది. పాఠం మొత్తం నలుపు, నీలంలోనే రాయమనండి. ఎరుపు, ఆకుపచ్చ వెనక బెంచీకి సరిగ్గా ఆనవు. పైగా ఆ రెండు రంగులూ తేడా తెలియని పిల్లలుంటారు, వాళ్లు పైకి చెప్పరు. ముప్పై అడుగుల గది అయితే అక్షరం రెండంగుళాలకి తగ్గకూడదు.

సింగ్‌నగర్ కరస్పాండెంట్

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న టీచర్లని కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. ఐదు దాకా సెరామిక్ గ్రీన్ బోర్డు, రెండడుగుల ఎత్తులో, డస్ట్‌లెస్ సుద్దతో. ఆరు నుంచి పది దాకా సెరామిక్ వైట్‌బోర్డు, 6 బై 4వి రెండేసి, వెనక అల్యూమినియం తేనెపట్టు. లెక్కల టీచర్ అడిగారని తొమ్మిది, పది గదుల్లో ఆ రెండింటిలో ఒకటి గ్రీన్ పెట్టిస్తున్నాం, ప్రొజెక్టర్ కంప్యూటర్ లాబ్‌లోకి మార్చాం. ఆఫీసు రూముకి గ్లాసు అనుకున్నాం గానీ అది జిప్సం గోడ, అక్కడ పెయింటు రేకు బోర్డే చాలనుకున్నాం. ఇక బిల్లు, డెలివరీ దగ్గర ఏమైనా చూసుకోవాలా?

పటమట కార్పెంటర్

కొటేషన్ మీదా, బిల్లు మీదా ఒట్టి వైట్‌బోర్డు అని రాస్తే ఒప్పుకోకండి. సెరామిక్ స్టీలు, వెనక షీటు రకం, సైజు, ఉపరితలానికి వారంటీ ఎన్నేళ్లు, ఇవన్నీ రాయించండి. మెలమైన్ పంపించి సెరామిక్ అని చెప్పినా, కాగితం లేకపోతే మీరు ఏమీ చెయ్యలేరు. డెలివరీ రోజే ప్రతి సెరామిక్ బోర్డుకీ అయస్కాంతం పెట్టి, మూలలో తాళంచెవితో గీకి చూసి, అప్పుడే సంతకం పెట్టండి. పైన ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్ గోడకి బిగించగానే తీసెయ్యండి. మే నెల ఎండకి నెల్లాళ్లు అలాగే వదిలేస్తే జిగురు పట్టేసి పీసులు పీసులుగా ఊడుతుంది.

ఆటోనగర్ ఫిట్టర్

బిగించడానికి మే చివరి దాకా ఆగకండి సార్. స్కూళ్లన్నీ అప్పుడే పిలుస్తాయి, హడావిడిలో రెండు ప్లగ్గులు తక్కువ వేసి పోయేవాళ్లే దొరుకుతారు. సెలవులిచ్చిన మొదటి వారంలో గోడలు చూపించండి. కింది అంతస్తు గోడలు వరదలో నానాయి కాబట్టి పూత తట్టి చూసి, బోలుగా ఉన్నచోట ముందు చెక్కి కొత్త పూత వేయించండి. ఆ పూత పూర్తిగా ఆరాకే చిల్లులు.