రామప్ప ఒక్క రోజులో అవుతుందా?

హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలతో రామప్పకి వెళ్దామనుకుంటున్నాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు. గుడి, చెరువు, లక్నవరం సరస్సు ఒకే రోజు పెట్టుకుంటే మరీ హడావుడి అవుతుందా? కారు లేదు, బస్సే.

ములుగు పిల్లోడు: బస్సులో అయితే మూడూ కష్టం అన్నా. ముందు రోజు హనుమకొండలో పడుకుని, పొద్దున్నే ములుగు మీదుగా ఏటూరునాగారం పోయే బస్సెక్కి జంగాలపల్లి క్రాస్‌రోడ్డులో దిగితే గుడి ఉన్న పాలంపేటకి ఆటోలుంటాయి. లక్నవరం ఈసారికి వదిలేయండి, వేలాడే వంతెన ఎక్కడికీ పోదు.

రాళ్లపిచ్చి: గుడికే రెండు గంటలు ఉంచుకోండి. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికంటారు గానీ మీరు చూడాల్సింది చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల్లాంటి ఆడవాళ్ల శిల్పాలు. ఒకామె కాళ్లకి హైహీల్స్‌లాంటి చెప్పులు! మా ఆవిడ అక్కడే పావుగంట నిలబడిపోయింది. చెప్పులు బయట విడవాలి, ఎండాకాలం మధ్యాహ్నం రాయి కాలిపోతుంది, నాన్నగారికి సాక్సులు తీసుకెళ్లండి.

ములుగు పిల్లోడు: చెరువు కూడా కాకతీయులదే, ఇప్పటికీ దాని కింద వరి పండుతుంది. వానాకాలం అయ్యాక వస్తే నిండుగా ఉంటుంది, సాయంత్రం కట్ట మీద కూర్చోండి. తిరుగు ఆటో మాత్రం ముందే మాట్లాడుకోండి, మేమొకసారి చీకట్లో రోడ్డు దాకా నడిచాం.

అడిగినవాడిని: థాంక్స్ అన్నా, అయితే దసరా తర్వాతే. సాక్సుల సంగతి అస్సలు తట్టలేదు.