పరిశుద్ధ గురువారం పాదాలు కడిగే ఆరాధన: ఉంచుదామా, మానేద్దామా?

కె.ఆర్.పురం తమ్ముడు:
అందరికీ వందనాలు. మా తెలుగు సంఘం బెంగళూరులో ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, కర్నూలు, అనంతపురం వైపు నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్లున్నారు. యేసు సిలువకు ముందు రాత్రి తన శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా, ఏటా పరిశుద్ధ గురువారం (గుడ్ ఫ్రైడే ముందు రోజు) రాత్రి పాస్టర్ గారు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఆ పన్నెండు మందీ సంఘ పెద్దలే. కుర్చీలు వరసగా వేస్తారు, లైవ్ పెడతారు.

2024 మార్చి 28 రాత్రి నా మనసులోంచి పోవడం లేదు. అప్పుడు ఊళ్లో నీళ్లకు ఎంత కటకటో తెలిసిందే. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్న రోజులు. మా హాలు బోరు కూడా ఎండిపోయింది. హాలు ఊడ్చే అక్క, ఆమె కూడా మా సంఘస్థురాలే, కింద ట్యాంకర్ దగ్గర పట్టుకుని రెండు బకెట్లు మెట్లెక్కి మోసుకొచ్చింది. ఆ నీళ్లతో పెద్దల పాదాలు కడిగారు. ఇంట్లో స్నానం చేసి వచ్చి, సాక్సులు విప్పిన పాదాలు. ప్రార్థన అయ్యాక అందరూ ఫోటోలు దిగుతున్నారు. అక్క మోకాళ్ల మీద వంగి, ఒలికిన నీళ్లను గుడ్డతో ఒత్తి బకెట్లోకి పిండుతోంది. ఆమెను దాటుకుంటూ వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే అంటున్నా, ఈ ఆరాధన మానేద్దాం.

బానసవాడి అమ్మ:
నాయనా, నీ బాధ అర్థమైంది. కానీ మానేయమనకు. "మీరును ఒకరి పాదములను ఒకరు కడుగవలసినదే" అని యోహాను 13లో ప్రభువే అన్నాడు. స్పెయిన్‌లో తొలేడో బిషప్పుల సభ 694లోనే ఈ గురువారం పాదాలు కడగాలని ఆజ్ఞ ఇచ్చింది. మెన్నొనైట్లు అనే ప్రొటెస్టెంట్ సంఘంవాళ్లు 1632లో నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్‌లో తమ విశ్వాస ఒప్పుకోలులోనే దీన్ని రాసుకున్నారు. సెవెంత్‌డే సంఘాల్లో ప్రభురాత్రి భోజనానికి ముందు మగవాళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు ఆడవాళ్లకు కడుగుతారు. మా చెల్లెలు ఆ సంఘంలోనే ఉంది. ఏడాదిగా మాటల్లేని తోడికోడళ్లిద్దరు ఒకసారి ఆ బేసిన్ దగ్గర ఎదురుబొదురు పడ్డారట. పెద్దామె వంగి చిన్నామె మడమ చేతిలోకి తీసుకోగానే ఇద్దరికీ ఏడుపు ఆగలేదని చెప్పింది. ప్రసంగాలు ఎన్ని విన్నా కదలనిది అక్కడ కదిలింది.

హెబ్బాళ్ పీజీ:
అమ్మా, అది ఆ కాలపు అవసరం కదా. దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచి వచ్చేవాళ్లకు కాళ్లకు నీళ్లివ్వడం. మా పీజీలో ఒకడు డెంగీతో పడుకుంటే పక్క గది అన్న నాలుగు రోజులు గంజి కాచి తెచ్చాడు. నాకైతే పాదాలు కడగడమంటే అదే.

వైట్‌ఫీల్డ్ నుంచి:
తమ్ముడూ, గంజి పోయడం గొప్పదే. అయినా ఒక మాట. మన తెలుగిళ్లలో కాళ్లు ఎవరు ఎవరికి కడుగుతారు? పెళ్లిలో మామ అల్లుడికి కడుగుతాడు. మేలు చేసినవాళ్లను "కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి" అంటాం. ఎప్పుడూ కిందివాడు పైవాడికి చేసే మర్యాదే. మనలో ఎవడు గొప్ప అని శిష్యులు వాదులాడుకున్నది కూడా ఆ రాత్రేనని లూకా 22 చెబుతుంది. ఆ వాదులాట నడుమ నుంచే బోధకుడు లేచి తువాలు కట్టుకున్నాడు. మరి పాస్టర్ గారు పెద్దల కాళ్లే కడిగితే మనవాళ్ల కంటికి పాత మర్యాదే కనబడుతుంది.

మా తాత పెద్దిళ్ల వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి. ఆయన పాదం ఎవరైనా పట్టుకుని కడిగి ఉంటే ఆ ఊరికి సువార్త వేరే చెప్పే పని ఉండేది కాదు. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోములో బాలనేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండు మంది కాళ్లు కడిగారు. అందులో అమ్మాయిలున్నారు, ముస్లింలున్నారు. మగవాళ్లకే కడగాలన్న నియమాన్ని 2016లో మార్చారు కూడా. ఇంకొకటి, ప్రభువును పట్టించిన యూదా కాళ్లు కూడా ఆ రాత్రి కడగబడ్డాయి. నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది అదే. నన్ను సంఘంలో అందరి ముందు అవమానించిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పాదం చేతిలోకి తీసుకోవాలంటే నాకింకా చెయ్యి రాదు.

కె.ఆర్.పురం తమ్ముడు:
అన్నా, మీ మాట చదివాక అక్కను అడిగాను, ఈసారి మీ పాదాలు కడుగుతామని. "వద్దు తమ్ముడూ, మడమలు పగిలుంటాయి, నాకు సిగ్గు" అంది. ఆ రాత్రి ప్రభువుతో "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్న శిష్యుడు పేతురే గుర్తొచ్చాడు.

బానసవాడి అమ్మ:
ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురికీ చూపించకండి నాయనా. పేతురును ఒప్పించింది ప్రభువు. మనకు ఆ అధికారం లేదు. పేదమనిషి పాదాలతో మన తగ్గింపు చూపించుకున్నట్టవుతుంది. ముందు ఆ బకెట్ మీరు అందుకోండి.

కె.ఆర్.పురం తమ్ముడు:
మీరన్నది నిజం అమ్మా. మానేద్దామన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. లైవ్ వద్దు, వరస కుర్చీలు వద్దు, పక్కనున్నవాళ్ల పాదాలు పక్కవాళ్లే కడుగుదాం, ఇష్టం లేనివాళ్లను బలవంతపెట్టొద్దు అని పెద్దలకు రాసిచ్చాను. ఇద్దరు సరేనన్నారు, ఒకాయన ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక హాలు తుడిచే పనిలో నేనూ, మా బావమరిదీ అక్కతో ఉంటున్నాం. మాప్ కర్రలు రెండే ఉన్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు వచ్చేటప్పుడు ఇంకోటి తీసుకురండి.