ఐబీకి చట్టమే లేదా?

మాది పర్లాకిమిడి. ఉగ్రవాద కేసులు చూసే ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ), కేంద్ర నిఘా సంస్థ ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో) రెండూ ఒకటే, పార్లమెంటు చట్టంతోనే పుట్టాయని మా బాబాయి టీ కొట్టు దగ్గర పందెం కాశాడు. కాదని గొంతు చించుకున్నాను. చేతిలో పకోడీ చల్లారింది గానీ వాదన తేలలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం నుంచి: రెండూ వేరు తమ్ముడూ. ఎన్ఐఏది దర్యాప్తు పని. ముంబై దాడుల తర్వాత 2008లో చట్టం చేశారు. గూఢచర్యం చూసే ఐబీ, విదేశీ నిఘా చూసే ‘రా’ చట్టం లేకుండానే నడుస్తున్నాయి. వీటిని చట్టం కిందికి తేవాలని 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ సొంతంగా ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, గట్టెక్కలేదు.

గుణుపురం నుంచి: 2012లో కేంద్రం ఐబీ కింద ఎన్‌సీటీసీ (జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రం) పెట్టి, అరెస్టు అధికారం కూడా ఇస్తామంటే అప్పటి మన ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ బాబు అడ్డుపడ్డారు, రాష్ట్రాల హక్కులు పోతాయని. నాకది సబబే అనిపించింది. రహస్యాలు వినే చెవికి పట్టుకునే చెయ్యి కూడా ఇస్తే ఎలా?

అదే కదా నేనన్నది! రేపటి టీ బాబాయి ఖాతాలోనే.