ప్రివెన్షన్ టీంకి కొత్తగా సూపర్వైజర్ అయ్యాను, సూపర్విజన్ అంటే డెడ్‌లైన్ల లిస్టు చదవడమేనా?

కొత్తసీటు

అందరికీ నమస్తే అండి. చైల్డ్ వెల్ఫేర్‌లో చాన్నాళ్ళు కేస్ వర్కర్‌గా చేశాక ఈమధ్యే సూపర్వైజర్‌ని చేశారు. మాది ప్రివెన్షన్ టీం, అంటే పిల్లల్ని ఇంట్లోంచి తీసుకెళ్ళాల్సిన పరిస్థితి రాకముందే ఆ కుటుంబంతో కూర్చుని పనిచేసి నిలబెట్టాలి. నిన్నటిదాకా నాతోపాటు పనిచేసినవాళ్ళే ఇప్పుడు నాకు రిపోర్ట్ చేస్తున్నారు, అదో తలనొప్పి, ప్రస్తుతానికి దాన్ని వదిలేయండి.

నా బాధ ఏంటంటే వారానికోసారి ఒక్కొక్కళ్ళతో గంటసేపు సూపర్విజన్ ఉంటుంది కదా, ఆ గంట మొత్తం ఫలానా కేసులో అసెస్‌మెంట్ డ్యూ ఉంది, ఫలానా ఇంటికి ఈ నెల రెండో విజిట్ అవ్వలేదు, సర్వీస్ ప్లాన్ (ఆ కుటుంబానికి ఏ సాయం ఇవ్వాలో రాసుకున్న కాగితం) మీద తండ్రి సంతకం లేదు, వీటితోనే అయిపోతోంది. లేచి వెళ్ళిపోయాక గుర్తొస్తుంది, అసలు ఆ పిల్లల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడుకోలేదని. మా మేనేజర్‌కేమో కంప్యూటర్ డాష్‌బోర్డ్‌లో గడువు దాటినట్టు ఎర్రరంగు కనపడకపోతే చాలు.

ఇంకోటి. టీంలో ఒకావిడ ఉన్నారు, చాలా మంచి వర్కర్, కుటుంబాలకి ఆవిడంటే ప్రాణం, కానీ ఏ కేసు అడిగినా "అమ్మ బాగా సహకరిస్తోందండి, అంతా బాగానే ఉంది" అంటారు. ఇంకో కుర్రాడు ఉన్నాడు, కొత్తగా చేరాడు, వాడు ప్రతి విజిట్ అయ్యాక కారులోంచే ఫోన్ చేసి "పిల్లల్ని అక్కడ ఉంచితే ఏమన్నా అవుతుందేమో" అంటాడు. ఇద్దర్నీ ఎలా నడిపించాలో అర్థం కావట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాతకాపు

మీరు చెప్పింది అందరికీ అయ్యేదే. సోషల్ వర్క్ సూపర్విజన్ గురించి 1976లోనే కడూషిన్ అనే ఆయన మూడు పనులు ఉంటాయని విడదీసి చెప్పాడు, ఒకటి అడ్మినిస్ట్రేషన్, రెండోది పని నేర్పడం, మూడోది వర్కర్‌కి అండగా ఉండడం. ఎక్కడ చూసినా మొదటిది మిగతా రెంటినీ మింగేస్తుంది, ఎందుకంటే దానికే లెక్క ఉంటుంది, మిగతావాటిని ఎవడూ కొలవడు. అందుకని నేను చేసేది చెప్తాను, డ్యూ లిస్టు ముందురోజే మెసేజ్‌లో పంపేస్తా, సమాధానాలు కూడా మెసేజ్‌లోనే రావాలి. గంటలో దాని ఊసే ఎత్తను, మరీ మీద పడిపోయినవి ఉంటే చివర్లో పది నిమిషాలు. మిగతా టైంలో కేసులన్నీ తిరగేయం, ఒకటో రెండో కుటుంబాలు తీసుకుని లోతుగా వెళ్తాం. ఏ కుటుంబం అనేది ఒకసారి వర్కర్ ఎంచుకుంటారు ఒకసారి నేను ఎంచుకుంటా. ఇది ముఖ్యం, ఎప్పుడూ వాళ్ళకే వదిలేస్తే గొడవ పెట్టే కేసులే పట్టుకొస్తారు, చప్పుడు చేయని కేసు మూలన పడి ఉంటుంది, అసలు భయపడాల్సింది దానికే.

ఇక మీ "అంతా బాగానే ఉంది" ఆవిడ సంగతి. నా టీంలోనూ ఒకావిడ దగ్గర్నుంచి ఇలాంటి నోట్సే వరసగా వచ్చేవి, "తల్లి సహకరిస్తోంది, ఇల్లు శుభ్రంగా ఉంది, పిల్లలు ఆరోగ్యంగా కనిపించారు", తేదీ ఒక్కటే మారేది. తప్పు పట్టకుండా మామూలుగా అడిగా, చిన్నోడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు అని. తెలీదు. మీరు వెళ్ళినప్పుడు వాడు ఏం చేస్తున్నాడు? టీవీ చూస్తున్నాడు. వాడితో విడిగా మాట్లాడారా? లేదు, వాళ్ళమ్మ పక్కనే ఉంది. ఆ ఇంట్లో రాత్రిపూట ఇంకెవరుంటారు? దీనికి మాత్రం ఆగి "ఎవరివో మగవాళ్ళ చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయండి, అడగలేదు" అన్నారు. అంటే మా వర్కర్ చూశారు, కానీ నోట్స్‌లోకి రాలేదు, ఎందుకంటే వాళ్ళమ్మతో ఉన్న మంచి సంబంధం ఎక్కడ పాడవుతుందోనని. 1983లో డింగ్‌వాల్ వాళ్ళు ఇంగ్లండ్‌లో చేసిన స్టడీలో దీనికి ఆశావాద సూత్రం అని పేరు పెట్టారు, తల్లిదండ్రుల గురించి ఉన్నంతలో మంచిగానే అనుకోవడం వైపు సిస్టమ్ మొత్తం వాలిపోతుందని.

దీని ఫలితం ఎంత దూరం వెళ్తుందో లండన్‌లో 2000లో చనిపోయిన విక్టోరియా క్లింబీ కేసులో లోకమంతా చూసింది. ఎనిమిదేళ్ళ పిల్ల, పెంచుతున్నవాళ్ళే హింసించి చంపేశారు. ఆ చావు మీద విచారణ జరిపి 2003లో లార్డ్ లామింగ్ ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆ కేసు అప్పగించిన సోషల్ వర్కర్ నెలల తరబడి కేసు చూసి ఆ పిల్లతో గడిపింది మొత్తం కలిపి అరగంటకి మించలేదు. అయితే తప్పంతా లామింగ్ ఆ వర్కర్ మీద తోసేయలేదు, సూపర్విజన్‌నీ, పై స్థాయి మేనేజర్లనీ గట్టిగానే నిలదీశాడు.

కాబట్టి ఆవిడకి "మీరు మరీ మెతక" అని చెప్పకండి, చెప్తే మూసుకుపోతారు. పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమనండి. ఎక్కడ చెప్పలేకపోతారో అదే వచ్చే విజిట్‌కి పని.

బ్యాగ్_సర్దుకునే_ఉంటా

నేను సూపర్వైజర్ని కాదు, ఇళ్ళకి తిరిగేదాన్ని, అవతలి వైపు నుంచి ఒక మాట. పాతకాపు గారూ మీ ప్రశ్నలు బాగున్నాయి కానీ అవే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వేస్తే పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నట్టు ఉంటుందండి. మాకు తెలీదు అని చెప్పడానికి ధైర్యం ఉండాలి కదా ముందు. మా పాత సూపర్వైజర్ ఒకరు ఉండేవారు, తెలీదు అంటే చాలు మొహం మారిపోయేది, ఆ తర్వాత అందరం ఏం చేశామంటే తెలీని చోట కూడా తెలిసినట్టు చెప్పడం నేర్చుకున్నాం. అది ఎంత డేంజరో చెప్పక్కర్లేదు.

ఆ కొత్త కుర్రాడి గురించి. వాడిని మరీ భయస్తుడు అని కొట్టిపారేయకండి అక్కా. (అక్కో అన్నో తెలీదు, సారీ.) రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి వాడి బుర్రలో, ఇప్పుడు ఈ క్షణం పిల్లలకి ప్రమాదం ఉందా అన్నది ఒకటి, ముందుముందు ఏమన్నా జరిగే అవకాశం ఉందా అన్నది ఇంకోటి. సేఫ్టీ వేరు రిస్క్ వేరు. రిస్క్ లేని కుటుంబం అయితే అసలు మన దగ్గరకే రాదు కదా, ఆ రిస్క్ తగ్గించడానికేగా మనల్ని పెట్టింది. వాడు ఫోన్ చేసినప్పుడు "ఏం కాదులే" అనకుండా "ఏం చూశావు, ఏం విన్నావు, నీకు ఏమనిపించింది" అని మూడూ విడివిడిగా చెప్పమనండి. అనిపించింది ఎక్కువ, చూసింది తక్కువ అని వాడికే తెలిసిపోతుంది. ఒక్కోసారి అటూ ఇటూ అయి చూసిందే ఎక్కువ ఉంటుంది, అప్పుడు మాత్రం ఆలోచించేది లేదు, ఆ రోజే పైకి చెప్పాలి, రూల్ ప్రకారం రిపోర్ట్ చేయాల్సింది చేయాలి.

ఇంకా ముఖ్యమైంది, వాడితో విజిట్‌కి వెళ్ళండి. మీరు మాట్లాడేయడానికి కాదు, పక్కన కూర్చోండి. మొదట్లో నాతో మా సూపర్వైజర్ వచ్చినప్పుడు గుమ్మంలో నేను తలుపు ఎలా కొడుతున్నానో కూడా చూశారు, బయటికొచ్చాక "వాళ్ళాయన లోపలికి రాగానే నువ్వు గొంతు తగ్గించేశావు, ఎందుకు?" అని అడిగారు. నాకే తెలీదు తగ్గించానని. అది ఏ నోట్స్ చదివితే దొరుకుతుంది చెప్పండి?

పాతకాపు

పోలీస్ స్టేషన్ మాట నిజమే, ఒప్పుకుంటా. సైకియాట్రీలో హెరాల్డ్ సెర్ల్స్ అనే ఆయన 1955లోనే రాశాడు, పేషెంటుకీ థెరపిస్టుకీ మధ్య నడిచేది తెలీకుండానే థెరపిస్టుకీ సూపర్వైజర్‌కీ మధ్య మళ్ళీ నడుస్తుందని. మన దగ్గర కింది వైపుకి కూడా అదే నడుస్తుంది. మీరు వర్కర్‌ని చెక్‌లిస్టు పట్టుకుని అడిగితే వాళ్ళు వెళ్ళి ఆ తల్లిని చెక్‌లిస్టు పట్టుకునే అడుగుతారు.

లెక్కలమేష్టారు

ఇక్కడందరూ ఎలా అడగాలి అని మాట్లాడుతున్నారు, కొత్తసీటు గారూ ముందు ఇది చెప్పండి, మీ కింద ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కళ్ళ దగ్గర ఎన్ని కుటుంబాలు ఉన్నాయి? అమెరికాలో చైల్డ్ వెల్ఫేర్ లీగ్ అనే సంస్థ పెట్టిన ప్రమాణం సూపర్వైజర్ ఒకరికి వర్కర్లు ఐదుగురు. అంతకి రెట్టింపు ఉంటే మీరు ఎంత మంచి ప్రశ్న అడిగినా జవాబు వినే టైం ఉండదు. ప్రివెన్షన్‌లో పాత మోడల్ హోమ్‌బిల్డర్స్, 1974లో వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలో మొదలైంది, అందులో వర్కర్ దగ్గర ఒకేసారి సుమారు రెండు కుటుంబాలే ఉంటాయి, నాలుగు నుంచి ఆరు వారాలు, రాత్రీ పగలూ ఎప్పుడు పిలిచినా పలకాలి. మనకి అంత కుదరదు సరే, కానీ దండిగా కేసులు అంటగట్టి ఆ మోడల్ రిజల్ట్ రావాలంటే ఎలా వస్తుంది? ఈ మాట మేనేజర్ దగ్గర ఎత్తడం కూడా సూపర్వైజర్ పనే, టీం వాళ్ళు చెప్తే ఏడుపులా వినిపిస్తుంది, మీరు చెప్తే లెక్కలా వినిపిస్తుంది.

రెండో సంగతి, సర్వీస్ సరిపోతుందో లేదో చూడండి. మన దగ్గరకొచ్చే వాటిలో కొట్టడాలు తిట్టడాలకన్నా నిర్లక్ష్యం కేసులే ఎక్కువ, వాటిలో చాలావాటి వెనక ఉండేది డబ్బు లేకపోవడం. ఒక ప్లాన్ చూశాను, రాత్రి షిఫ్ట్ చేసే ఒంటరి తల్లి, చిన్నపిల్లల్ని పెద్దపిల్ల మీద వదిలి వెళ్తోందని ఫిర్యాదు. ప్లాన్‌లో ఏముంది, పేరెంటింగ్ క్లాసు, పన్నెండు వారాలు, సాయంత్రం పూట. ఆవిడ డ్యూటీకి బయల్దేరే టైం. రాలేదని "సహకరించడం లేదు" అని రాశారు. ఆవిడకి కావాల్సింది రాత్రి పిల్లల్ని చూసుకునే మనిషో, షిఫ్ట్ మార్పించడానికి యజమానికి ఒక లెటరో. సూపర్వైజర్‌గా మీరు ప్రతి ప్లాన్ దగ్గర అడగాల్సింది ఈ సర్వీస్ ఎందుకు ఇచ్చారు, వాళ్ళకి అవసరమనా లేక మన దగ్గర అదే ఉందనా అని. మళ్ళీ అమెరికా సంగతే, 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టంతో ప్రివెన్షన్‌కి కేంద్ర నిధులు తెరిచారు, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాటుకి చికిత్స, ఇంటికొచ్చి పేరెంటింగ్ నేర్పడం, వీటికి 12 నెలల దాకా. మంచిదే, కానీ అద్దె కట్టడం ఆ లిస్టులో లేదు చూడండి. నిధి దేనికుంటే కుటుంబానికి ఆ జబ్బే ఉన్నట్టు కనపడుతుంది.

కొత్తసీటు

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. (అక్కనే.) మేష్టారు గారూ, ఏడుగురు ఉన్నారు, లెక్క తీసి మేనేజర్‌కి పెడతాను. డ్యూ లిస్టు మెసేజ్‌లో పంపడం ఈ వారం నుంచే మొదలుపెడతా. ఆవిడతో చప్పుడు చేయని కేసు ఒకటి నేనే ఎంచి పెట్టుకున్నాను.

ఒక్క డౌట్ మిగిలింది. సూపర్విజన్‌లో అనుకున్నవి కేస్ ఫైల్లో ఎంతవరకు రాయాలి? వర్కర్ భయం, ఏడుపు ఇవన్నీ ఫైల్లోకి ఎక్కితే రేపు మళ్ళీ నోరు విప్పరు కదా. అలాగని ఏం రాయకపోతే ఏదన్నా జరిగినప్పుడు నేనేం చెప్పానో రుజువు ఉండదు.

పాతకాపు

రెండు చోట్ల రాయండి. కుటుంబానికి సంబంధించిన నిర్ణయం, దానికి కారణం, ఎవరు ఎప్పటికి ఏం చేయాలి, ఇవి కేస్ ఫైల్లోకి. వర్కర్ మనసు, శిక్షణ, సెలవు సంగతులు మీ విడి సూపర్విజన్ రికార్డులోకి, అందులో ఏం రాస్తున్నారో వాళ్ళకీ చూపించండి, విడి రికార్డు అయినా అవసరం పడితే పైవాళ్ళు అడగొచ్చని ముందే చెప్పేయండి. కారణం మాత్రం ఎగ్గొట్టొద్దు. "కేసు కొనసాగించాలని నిర్ణయం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, "పెద్దపిల్ల స్కూలుకి మళ్ళీ వెళ్తోంది కానీ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరుంటున్నారో ఇంకా తేలలేదు, అది తేలేదాకా క్లోజ్ చేయం" అని రాస్తే రేపు మీరు సెలవులో ఉన్నా వేరేవాళ్ళు అందుకుంటారు.

బ్యాగ్_సర్దుకునే_ఉంటా

ఇంకోటి, మీకూ వర్కర్‌కీ అభిప్రాయం కుదరకపోతే అది కూడా ఫైల్లో రాయండి అక్కా. "వర్కర్ క్లోజ్ చేద్దామన్నారు, నేను వద్దన్నాను, ఎందుకంటే" అని. మాకు అది అవమానం ఏం కాదు, మా మాట విన్నారని ఉంటుంది. మా వాళ్ళు రాయరు, చివరికి నిర్ణయం మొత్తం మాదే అన్నట్టు తేలుతుంది.