దూరదేశం నుంచి పంపిన పాట మన గుడి పాట అవుతుందా?

కాజీపేట వాసి:
హన్మకొండ దగ్గర మా విచారణలో, అంటే మా క్యాథలిక్ గుడి సంఘంలో, హార్మోనియం వాయించిన అన్న పదేళ్లుగా కువైట్‌లో ఉన్నాడు. పూజలో సత్ప్రసాదం పంచేటప్పుడు పాడే గీతం ఒకటి కట్టి వాట్సాప్‌లో పంపాడు. క్రిస్మస్‌కు పాడదామని యువకులు, "మనతో లేనివాడి పాట మనకెందుకు" అని పెద్దలు. పాడాలనే నేనంటాను.

దొమెనికో జిపోలి సంగతి చూడండి. 1688లో ఇటలీలోని ప్రాతోలో పుట్టాడు. రోమ్‌లో జెస్యూట్లనే క్యాథలిక్ సన్యాస సభవారి పెద్ద గుడిలో ఆర్గన్ వాయించాడు. 1716లో స్వరరచనల పుస్తకం అచ్చయింది, పేరొచ్చింది. ఆ ఏడాదే జెస్యూట్ సభలో చేరి, మరుసటి ఏడు ఓడెక్కి అర్జెంటీనా పోయాడు. గురుపట్టం అంది ఫాదర్ కాకుండానే 1726లో, 37 ఏళ్లకు, కోర్దొబా దగ్గర చనిపోయాడు. ఆయన పూజ సంగీతం బొలీవియాలోని చికీతోస్ ఊళ్లకు చేరింది. ఆయన మాత్రం అక్కడ అడుగు పెట్టలేదు. 1767లో స్పెయిన్ రాజు జెస్యూట్లను వెళ్లగొట్టాడు. అయినా అక్కడి ఆదివాసులు ఆ ప్రతులను కాపాడుకున్నారు. 1970లలో పాత గుళ్లు బాగు చేస్తుంటే వేల పుటలు దొరికాయి. అది వాళ్ల పాట కాదని ఎవరంటారు?

ఉపదేశి కొడుకు:
అన్నా, సగమే చెప్పావు. 1730లో చికీతోస్‌కు వచ్చిన మార్టిన్ ష్మిడ్ అనే స్విస్ ఫాదర్‌ను వదిలేశావు. వాళ్ల భాష నేర్చాడు, వాద్యాలు చేయించాడు, దగ్గర కూర్చుని నేర్పాడు. జిపోలి కాగితాలకు గొంతు వచ్చింది అలాంటివాళ్ల వల్లనే. ఉపదేశిగా గుడిలో ప్రార్థనలు, పాటలు నేర్పిన మా నాన్న కూడా అంతే. చదువు రాని అమ్మలకు ఒక్కో చరణం పదిసార్లు చెప్పి పాడించేవాడు. కువైట్ పాటను అట్లా నేర్పేదెవరు? శ్రుతి ఎంత పైనుందో విన్నావా? పల్లవి రెండో వరుసకే ముసలమ్మలు నోరు మూసుకుంటారు.

గాయక బృందంలో ఒకామె:
మొన్న సాధనలో నేనున్నాను. ఫోన్‌లో ట్రాక్ పెట్టినప్పుడు మీరన్నట్టే అయింది, వెనక వరుస మొత్తం చప్పుడు లేదు. ట్రాక్ ఆపేసి, ఒక మెట్టు లోపలికి పడిపోయిన మన పాత హార్మోనియం మీద శ్రుతి దించి మళ్లీ మొదలుపెట్టాం. మూడోసారికి అమ్మలే మాకంటే ముందు ఎత్తుకున్నారు. అన్నకు ఫోన్ చేసి వినిపించాం. చాలాసేపు మాట్లాడలేదాయన.

ఉపదేశి కొడుకు:
అట్లయితే పాట మీద నాకు అభ్యంతరం లేదక్కా. పూజలో ట్రాక్ పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. శనివారం సాయంత్రం సాధనకు నాన్నను తీసుకొస్తా.