స్కాన్ చేసిన పేజీలు డేటాబేస్‌లో పెట్టాలా, ఫోల్డర్లలోనా?

గోదావరిగట్టు:
మా ఊరి గ్రంథాలయంలో పాత పత్రికలు స్కాన్ చేస్తున్నాం. లక్షా పాతిక వేల పేజీలయ్యాయి, ఇంకా సగం బీరువాలు తెరవనేలేదు. 300 డీపీఐ కలర్ జేపెగ్, పేజీకి దాదాపు ఒక ఎంబీ. వెతకడానికి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో చిన్న అప్లికేషన్ రాసి, బొమ్మలన్నీ లాంగ్‌బ్లాబ్ కాలమ్‌లో (పెద్ద ఫైళ్లను టేబుల్ లోపలే దాచేది) పడేశాను. వెతకడం బాగానే ఉంది. బ్యాకప్ మాత్రం రాత్రి మొదలెడితే తెల్లారినా అవట్లేదు. ఎవరైనా ఇలాంటిది చేశారా?

క్వెరీమామ:
ఆ బ్యాకప్‌ను ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూశారా అండీ? అసలు టెన్షన్ అక్కడుంటుంది.
నేను ఒక ఆసుపత్రి కేస్‌షీట్లను ఇలాగే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పెట్టాను. ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో అప్పట్లో డేటాబేస్ 10 జీబీ దాటేది కాదని తెలిసి కూడా, అంత దూరం పోదులే అనుకున్నాను. ఓ సోమవారం ఓపీ ముందు జనం బారులు తీరి ఉండగా ఒక్క షీటూ సేవ్ కాలేదు. తప్పు నాదే. ఫైల్‌స్ట్రీమ్‌లో (బొమ్మలను డిస్క్ మీద విడి ఫైళ్లుగా ఉంచే సదుపాయం) పెట్టినవి ఆ 10 జీబీ లెక్కలోకి రావని ఆ రోజే తెలిసింది.

నైట్‌షిఫ్ట్:
అన్నీ ఫోల్డర్లలోకే అని కూడా అనకండి. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కొలిచి చూస్తే, 256 కేబీ లోపువి డేటాబేస్‌లో, ఒక ఎంబీ దాటినవి ఫైళ్లుగా ఉంటే మేలని తేలింది. ఇప్పటి డిస్కులకు ఆ అంకెలు అచ్చంగా సరిపోవు గానీ, నేను థంబ్‌నెయిళ్లను (పేజీల బుల్లి బొమ్మలను) టేబుల్‌లోనే ఉంచుతాను. అసలు బొమ్మలు బయటే.

పెన్నాతీరం:
బయట పెట్టేటప్పుడు నాలా దెబ్బ తినకండి. టేబుల్‌లో డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటు) రాశాను. మా కుర్రాడెవరో ఫోల్డర్ పేరులో అక్షరదోషం ఉందని సరిదిద్దాడు. అంతే, ఆ ఏడాది సంచికలన్నీ మాయం! (తెలుగు మీద వాడికున్న అభిమానాన్ని ఏమీ అనలేకపోయాను.)
ఇప్పుడు ప్రతి ఫైలుకూ షా-256 (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి గుర్తు) తీసి, ఆ 64 అక్షరాలనే పేరుగా పెడతాను. మొదటి రెండక్షరాలు ఫోల్డర్. అలా 256 ఫోల్డర్లలో ఇంచుమించు సమానంగా సర్దుకుంటాయి. ఒకే ఫైలు రెండుసార్లు ఎక్కితే దొరికిపోతుంది. డిస్క్ పాడై ఫైలు మారినా, మళ్లీ షా తీస్తే బయటపడుతుంది.
రాసేటప్పుడు ముందు ఫైలు, తర్వాత టేబుల్‌లో దాని వరుస. బ్యాకప్‌లో మాత్రం ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు. ఫైళ్లను చెరపనంతవరకు, బ్యాకప్‌లోని ప్రతి వరుసకూ దాని బొమ్మ ఉండి తీరుతుంది.

గోదావరిగట్టు:
ఇంకో సందేహం. అన్నీ జేపెగ్ బదులు టిఫ్ ఫార్మాట్‌లో దాచమంటున్నారు కొందరు. నిజంగా అవసరమా?

క్వెరీమామ:
300 డీపీఐలో ఏ4 కలర్ పేజీ కుదించకపోతే దాదాపు 25 ఎంబీ. లక్షా పాతిక వేలతో గుణించుకోండి! నలుపు తెలుపు అచ్చు పేజీలైతే గ్రూప్ 4 పద్ధతిలో కుదించిన టిఫ్ చాలా చిన్నగా వస్తుంది, అక్షరం చెక్కుచెదరదు. ముఖచిత్రాలకే కలర్ టిఫ్. ఉన్న జేపెగ్‌లను తిప్పి, కత్తిరించి మళ్లీ మళ్లీ సేవ్ చేయకండి, చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

గోదావరిగట్టు:
రెండు వారాలు పట్టింది, బొమ్మలన్నీ బయటికి తెచ్చాను. ఒక ఏడాది సంచికల ఫైళ్లు మొత్తం రెండుసార్లు ఎక్కాయని షా పెట్టాకే తెలిసింది. ఇప్పుడు కొత్త ఫైళ్లే కాపీ అవుతున్నాయి, బ్యాకప్ అరగంటలో ముగుస్తోంది. కానీ బ్లాబ్ కాలమ్ ఖాళీ చేసినా డిస్క్‌లో టేబుల్ ఫైలు ఇసుమంతైనా తగ్గలేదేంటి?

నైట్‌షిఫ్ట్:
మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ, ఖాళీ అయిన చోటును తనే వాడుకోవడానికి ఉంచుకుంటుంది. టేబుల్‌కు విడి ఫైలు ఉంటే ఆప్టిమైజ్ టేబుల్ కమాండ్ కొట్టండి. కొత్త కాపీ రాసి పాతది తీసేస్తుంది. బొమ్మలు పోయాయి కాబట్టి ఆ కాపీ చిన్నదే. అయినా ముందు ఒక బ్యాకప్ తీసుకుని కొట్టండి.